పేకముక్కలు పొయ్యిలో వేసిన బార్బరా హెక్

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల అసెంబ్లీలో ఎనిమిదో తరగతి పిల్లలు బార్బరా హెక్ కథను చిన్న నాటికగా వేశారు. అమెరికాలో మెథడిస్టు సంఘానికి (ప్రొటెస్టంట్ క్రైస్తవంలో ఒక శాఖ) తల్లిగా పేరు పొందిన ఆమె గురించి, మెథడిస్టు మిషన్ పెట్టిన మన బడిలోనే చాలామందికి తెలియదు. ఆ లోటు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

ఆమె 1734లో ఐర్లండులోని లిమరిక్ ప్రాంతంలో, జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. 1760లో భర్త పాల్‌తో న్యూయార్కు చేరారు. ఆమె బంధువు ఫిలిప్ ఎంబరీ వడ్రంగి. ఐర్లండులో మత ప్రసంగాలు చేసిన ఆయన న్యూయార్కులో బతుకుతెరువులో పడి మౌనంగా ఉండిపోయారు.

1766లో ఒకరోజు తనవాళ్లు పేకాటలో మునిగి ఉండటం చూసిన బార్బరా ముక్కలన్నీ ఒడిలోకి ఊడ్చుకుని పొయ్యిలో పడేశారట. అటునుంచి అటే ఎంబరీ ఇంటికి వెళ్లి, బోధించి తీరాలని పట్టుబట్టారట. వినేవాళ్లేరీ అని ఆయన అంటే, మనుషుల్ని తాను తెస్తానన్నారట. తెచ్చారు కూడా: భర్త, వాళ్ల దగ్గర పనిచేసే జాన్ లారెన్స్, బెట్టీ అనే నల్లజాతి సేవకురాలు. ఆమెతో, ఎంబరీతో కలిపి అయిదుగురు. యజమాని, పనివాళ్లు ఒకే గదిలో కూర్చున్న ఆ సభే నాకు పేకముక్కల కన్నా గొప్పగా తోస్తుంది.

"ఇదంతా నిజంగా జరిగిందా?" అని ఒక పాప అడిగింది. పేకాట సంగతి నోటిమాటగా వచ్చిందనీ, ఎవరింట్లో, ఎవరు ఆడారన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారనీ పిల్లలకు దాచకుండా చెప్పాం. ఆ చిన్న సభ పెరిగి న్యూయార్కులో కట్టుకున్న జాన్ స్ట్రీట్ చర్చి మాత్రం రూఢి. 60 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పున్న ఆ రాతి కట్టడంలో 1768 అక్టోబరు 30న తొలి ప్రసంగం ఎంబరీదే. ప్రసంగ వేదికను ఆయనే చెక్కారు. గోడలకు సున్నం వేసినవారిలో బార్బరా ఉన్నారని చెబుతారు. అధికారిక గుర్తింపు లేని శాఖలు చర్చి కట్టకూడదన్న నిబంధన వల్ల, ఇల్లులా కనిపించేందుకు పొగగొట్టం పెట్టారన్న విషయం పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది. తర్వాత ఆమె కుటుంబం కెనడాకు వెళ్లింది. ఆమె అక్కడే 1804లో కన్నుమూశారు.

వచ్చే నెలలోగా పిల్లలు ఇంటి పెద్దల్ని, ముఖ్యంగా అమ్మమ్మల్ని, నానమ్మల్ని అడిగి, మీ ఊళ్లో బడో గుడో చర్చో మసీదో ఏ స్త్రీ పట్టుదల వల్ల మొదలైందో రాసుకురావాలి. కళ్లతో చూసినదాన్ని, చెవులతో విన్నదాన్ని వేరువేరుగా రాయమన్నాం. దయచేసి ఒక సాయంత్రం వాళ్లకోసం కేటాయించండి. పాత ఫోటోలుంటే నకళ్లే పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు