గుమ్మడికాయల దొంగ సామెత మీద నీకో మాట

నాన్నా,

ఆదివారం ఫ్యామిలీ గ్రూపులో మీ బాబాయితో నీ వాదన మొత్తం చదివాను. రోడ్డు మీద పోలీసులు ఆపి ఫోన్ తెరిచి చూపించమంటే చూపించక్కర్లేదని ఆయన, చూపిస్తే పోయేదేముందని నువ్వు. చివరికి "తప్పు చెయ్యనివాడికి భయమెందుకు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది" అని రాశావు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. బాబాయి ఊరుకున్నాడు. ఆయన అన్నదానికి జవాబు మాత్రం ఆ గ్రూపులో ఎక్కడా లేదు. నేనూ అక్కడే రాస్తే నలుగురిలో నీకు పౌరుషం వస్తుందని ఇలా విడిగా రాస్తున్నాను.

ఆ సామెతను విడదీసి చూడు. వీడు భుజం తడుముకున్నాడు, కాబట్టి వీడే దొంగ. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు తర్కసంగ్రహం పాఠం ఉండేది, తర్కం నేర్పే చిన్న సంస్కృత పుస్తకం. అది రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు, ఎందుకంటే నిప్పు లేనిచోట పొగ రాదు. నిప్పుంది కాబట్టి పొగా ఉంటుందని మాత్రం చెప్పకూడదు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంటుంది, పొగ ఉండదు. ఇలా రుజువు చెయ్యాల్సింది ఉన్నచోటా లేనిచోటా, రెండువైపులా కనిపించే కారణాన్ని సవ్యభిచార హేతువు, అంటే నమ్మదగని కారణం, అని పక్కన పెట్టేస్తారు. భయం అలాంటిదే. దొంగకూ ఉంటుంది, దొరకూ ఉంటుంది. దాన్ని చూసి తప్పెవరిదో తేల్చలేం.

మనింట్లో పనిచేసే మదనపల్లె అక్క నీకు తెలుసు కదా. ఈమధ్య పనివాళ్ళు బయటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర బ్యాగులు తెరిచి చూపించాలని మన అపార్ట్‌మెంట్‌లో రూలు పెట్టారు. మొన్న నేనిచ్చిన వంకాయ కూర డబ్బా మూత తీయించి చూశాడు సెక్యూరిటీ. అడుగున ఉన్న చీర ఎవరిచ్చారని అడిగి, నా చేత చీటీ రాయించుకు రమ్మన్నాడు. ఆవిడ మళ్ళీ ఆరో అంతస్తు ఎక్కి వచ్చింది. చీటీ అందుకుంటుంటే చేతులు వణుకుతున్నాయి. మీటింగులో నేను లేచి, అలాగైతే మన బ్యాగులూ రోజూ తెరుద్దామా అని అడిగాను. ఒక్కరూ ఊ అనలేదు. వాళ్ళెవరూ దొంగలు కారు నాన్నా.

నీ మాటలో ఇంకో లోపం ఉంది, ఇది మరీ పెద్దది. వెతికేవాడు పొరబడడని, కక్ష కట్టడని నువ్వు ముందే ఒప్పేసుకున్నావు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫ్రీడమ్ పార్కుకు వెళ్ళాం కదా, ఒకప్పుడు అది బెంగళూరు సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో నటి స్నేహలతా రెడ్డిని అందులోనే పెట్టారు. నెల్లూరు కవి పఠాభి భార్య ఆవిడ. ఉబ్బసం మనిషి. మీసా అనే అంతర్గత భద్రతా చట్టం కింద, విచారణ అన్నది లేకుండా నెలల తరబడి ఉంచారు. ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక 1977 జనవరిలో పెరోల్ మీద వదిలారు. ఆ నెలలోనే చనిపోయారు.

అలాంటి ఖైదీలు కోర్టు తలుపు తట్టొచ్చా అన్న ప్రశ్నకు 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు కుదరదని తీర్పు చెప్పింది. ఐదుగురిలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. పోలీసు ఒకరిని అన్యాయంగా చంపేసినా కోర్టు ఏమీ చెయ్యలేదా అని వాదనల్లో ఆయన అటార్నీ జనరల్‌ని అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం చెయ్యలేదని జవాబొచ్చింది. నీ వాదన పట్టుకుని చివరిదాకా నడిస్తే చేరేది అక్కడికే. ఎందుకు అని అడగడానికి వీల్లేనప్పుడు ఎవరు తప్పు చేశారో తేల్చేది పట్టుకున్నవాడే. కొండ మీద నిప్పుందన్నవాడే పొగ చూపించాలి. మనిషిని ఆపేవాడు, సోదా చేసేవాడు, జైల్లో పెట్టేవాడు కూడా కారణం చూపించి తీరాలి. వ్యక్తి స్వేచ్ఛ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఆధార్ గోప్యతకు భంగమని 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన కె.ఎస్. పుట్టస్వామి మన బెంగళూరు పెద్దాయనే, హైకోర్టు జడ్జిగా రిటైరయ్యారు. అప్పటికే ఎనభై దాటాయి. ఆ వయసులో ఆయనకు దాచుకోవాల్సిన తప్పేముంటుంది? 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. అదే కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ 1976 నాటి తీర్పు తప్పని రాశారు. ఆనాటి నలుగురిలో ఆయన తండ్రి వై.వి. చంద్రచూడ్ ఒకరు. తండ్రి మాటను కొడుకు కారణాలు చూపించి కాదన్నాడు. మనింట్లోనూ వాదన అలా జరగాలని నా ఆశ. నన్ను కాదన్నా సరే.

నీ పక్షంలో బలం లేదనను. గంజాయి అమ్మేవాణ్ణి పట్టుకోవాలంటే పోలీసులకు ఫోన్ చూసే అవసరం రావచ్చు. ఆ తొమ్మిదిమందీ ఇది హద్దుల్లేని హక్కు అనలేదు. చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, చేసే జోక్యం అవసరానికి మించకూడదు అన్నారు. దారినపోయే కుర్రాళ్ళందరి ఫోన్లూ తెరిపించడం ఇందులో దేనికి నిలుస్తుందో ఆలోచించు. నీకు బొత్తిగా గిట్టని పార్టీ అధికారంలో ఉన్నట్టు ఊహించుకుని ఆలోచించు.

ముందు మాత్రం ఒక పని చెయ్యి. మన శాస్త్రకారులు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, చెప్పకుండా సిద్ధాంతం, అంటే తమ నిర్ణయం, జోలికి వెళ్ళేవాళ్ళు కారు. బాబాయి వాదనను ఆయనకంటే బాగా నాలుగు వాక్యాల్లో రాసి ఆయనకే పంపు. నేనన్నది ఇదేరా అని ఆయన ఒప్పుకున్నాక ఖండించు, గ్రూపులోనే ఖండించు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ 1976 తీర్పు ఇద్దరం కూర్చుని చదువుదాం. ఖన్నా పక్షం నాది. మిగతా నలుగురి పక్షం నువ్వు వాదించు. తయారై రా, కొడుకువని వదిలిపెట్టను.

ఆశీస్సులతో,
అమ్మ