జత పోయిన కుందేళ్ల విషయంలో మా దుకాణం తీసుకున్న నిర్ణయం

మా దగ్గర గడ్డి, దాణా తీసుకునేవారికి, ఊరెళ్లేటప్పుడు కుందేళ్లను మాకు అప్పగించి వెళ్లేవారికి నమస్కారం.

ఈ దీపావళి నుంచి రెండు పనులు మానేస్తున్నాం. జతలో ఒకటి చనిపోయిన ఇంటికి వెంటనే ఇంకో కుందేలును అమ్మం. మిగిలిన ఆ ఒంటరి కుందేలును తొలి వారాల్లో బోర్డింగ్‌కు తీసుకోం. పండగ రోజుల రాబడి మా దుకాణానికి చాలా ముఖ్యం, అది తగ్గుతుందని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం.

తోడు పోయిన కుందేలు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. కొన్ని మూలన ముడుచుకుంటాయి, కొన్ని ఇల్లంతా వెతుకుతాయి, కొన్ని బోను కడ్డీలు కొరుకుతాయి. కొన్నింటిలో పైకి ఏ మార్పూ కనిపించదు. వేటాడే జంతువులకు భయపడి బతికే జాతి కాబట్టి బాధను దాచుకోవడం దాని స్వభావం.

అసలు ప్రమాదం పొట్టలో ఉంది. కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. దిగులుతో గడ్డి మానేస్తే పేగు మందగిస్తుంది, గ్యాస్ పట్టి నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పికి ఉన్న కాస్త ఆకలి కూడా చస్తుంది. రెండు పూటలు తినకపోతే అదే సర్దుకుంటుందిలే అనుకోవద్దు. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా అర్ధరాత్రయినా సరే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. పెంటికలు చిన్నవైపోవడం, వీపు గూనిలా పెట్టి కూర్చోవడం, పళ్లు గట్టిగా కొరకడం ముందే కనిపించే గుర్తులు. పోయిన కుందేలుకు అంటువ్యాధి ఉంటే అది దీనికీ సోకి ఉండవచ్చు. అన్నిటినీ దిగులు కింద జమకట్టకుండా ఒకసారి పరీక్ష చేయించండి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ లాంటి మందులు నోట్లో వేయకండి, అవి కుందేలు ప్రాణం తీయగలవు.

అంటువ్యాధితో పోలేదని తేలితే, చనిపోయిన కుందేలును కాసేపు రెండోదాని దగ్గర ఉంచండి. వాసన చూస్తుంది, తట్టి లేపబోతుంది, ఒక్కోసారి పక్కనే పడుకుంటుంది. చూడటానికి కష్టంగానే ఉంటుంది. అయినా తోడు ఉన్నట్టుండి మాయమైపోవడం కంటే ఇదే దానికి మేలని నా నమ్మకం. పరుపు గుడ్డలన్నీ ఒకేసారి ఉతికేయకండి. తిండి వేళలు మార్చకండి. ఎత్తుకుని ముద్దు చేయడం కంటే మీరే నేల మీద కూర్చుని, అదే దగ్గరకు వచ్చేదాకా ఆగడం మంచిది. కాళ్లు నేలను వదిలితే చాలా కుందేళ్లు బెదిరిపోతాయి. కడిగిన గరిక, కొత్తిమీర, పుదీనా చేతితో అందించి చూడండి. టపాసుల రాత్రుల్లో లోపలి గదిలో, రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టె పెట్టండి. తెలియని చోట, తెలియని వాసనల మధ్య ఉండటం ఈ సమయంలో దానికి ఇంకో దెబ్బ. అందుకే బోర్డింగ్ వద్దంటున్నాం.

కొత్త తోడు సంగతి, మిగిలిన కుందేలు మామూలుగా తింటూ తిరగడం మొదలుపెట్టాక ఆలోచిద్దాం. కొత్త కుందేలును నేరుగా పాతదాని చోటులో వదిలితే చర్మం చీలేలా కొట్టుకోగలవు. రెండింటికీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఉండాలి. మొదట పక్కపక్క బోనుల్లో ఉంచి, గుడ్డలు మార్చుతూ వాసన అలవాటు చేసి, తర్వాత రెండింటికీ కొత్తదైన చోట కలపాలి. ఆ చోటు మా దుకాణం వెనుక గదిలో ఏర్పాటు చేశాం, దానికి డబ్బు తీసుకోం. కలవకపోతే కొత్త కుందేలును మేమే వెనక్కి తీసుకుంటాం.

దీపావళి బోర్డింగ్‌కు ముందే చెల్లించి, ఈలోగా జతలో ఒకదాన్ని పోగొట్టుకున్నవారికి మొత్తం డబ్బు తిరిగి ఇస్తున్నాం. రసీదు లేకపోయినా ఫర్వాలేదు. ప్రయాణం తప్పనిసరి అయితే చెప్పండి, రోజూ మీ ఇంటికే వచ్చి గడ్డి, నీళ్లు పెట్టి, పెంటికలు చూసి ఫోను చేస్తాం.