తీరం కోతకు రాళ్ల గోడే మందా?

సంపాదకులకు,

తీరం కోసుకుపోతోందనగానే రాళ్లు తెచ్చి పోసేయమనేవాళ్లే ఎక్కువ, అసలు ఇసుక ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని అడిగేవాళ్లు తక్కువ. అలలు ఏటవాలుగా తాకడం వల్ల ఇసుక తీరం వెంబడి కదులుతూనే ఉంటుంది, దానికి అడ్డంగా గోడ కడితే ఒక పక్క మేట వేసి, అవతలి పక్క కోత మొదలవుతుంది, అప్పుడు అక్కడివాళ్లు ఇంకో గోడ అడుగుతారు, ఇలా ఎక్కడిదాకా? నదులు తీరానికి తెచ్చే ఇసుకను వాటి మీద ఆనకట్టలు ఆపేస్తున్న సంగతైతే ఎవరూ ఎత్తరు.

2018లో ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఒక అధ్యయనంలో ప్రపంచంలోని ఇసుక తీరాల్లో 24 శాతం ఏడాదికి అర మీటరుకు మించి కోతకు గురవుతున్నాయని తేలింది. 28 శాతం పెరుగుతున్నాయి కూడా, ఈ ముక్క ఎవరూ చెప్పరు! అంటే అన్ని చోట్లా ఒకటే మందు పనిచేయదు. నెదర్లాండ్స్‌లో 2011లో సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను తీరంలో ఒకేచోట పోసి, దాన్ని తీరం వెంబడి పంచే పని అలలకీ గాలికీ వదిలేశారు. అందరికీ అంత స్తోమత ఉండదు, నిజమే. కానీ తుపానుల కాలానికి ముందూ తర్వాతా తీరాన్ని కొలిచి, ఆ లెక్కలు జనం ముందు పెట్టాకే గోడలకు టెండర్లు పిలవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు