ఆరోగ్య శాఖ మంత్రి గారికి: హోంజో కనిపెట్టిన దారి మా అమ్మ మంచం దాకా ఎప్పుడొస్తుంది?

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి, శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు ఊరి నుంచి ఒక ప్రైవేటు బడి పంతులు నమస్కరించి రాసుకునేది.

అయ్యా, మా అమ్మకి కావలసిన క్యాన్సర్ మందును ప్రభుత్వ ఆరోగ్య కార్డు పథకంలో పెట్టమని ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రశీదులున్నాయి, జవాబులు లేవు. మూడోసారి వెళ్లినప్పుడు ఒకాయన మాత్రం కాగితం తిరగేసి, "చాలా ఖరీదైన మందండీ, ఇది పథకంలో పెడితే ఖజానా ఆగుతుందా?" అన్నారు. ఆ ఒక్క మాట మీదే ఈ ఉత్తరం.

మా అమ్మకు అంగిట్లో క్యాన్సర్. ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారు, మళ్లీ తిరగబెట్టింది. మా వైపు అడ్డపొగ సంగతి తమరికి చెప్పనక్కర్లేదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని నలభై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి. ఇప్పుడు చెంచాతో గంజి పోస్తే సగం ముక్కులోంచి వచ్చేస్తోంది. కొంగుతో తుడుచుకుని "ఇంకో చెంచా పొయ్యి నాన్నా" అంటుంది. బతకాలని ఉంది ఆవిడకి. డాక్టరు గారు కేసు షీటు వెనక "నివోలుమాబ్ 20 మి.గ్రా., మూడు వారాలకోసారి" అని రాసిచ్చారు. కౌంటరులో కుర్రాడు కంప్యూటర్‌లో రెండుసార్లు వెతికి, "కార్డులో రాదు సార్" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా జేబులోనే ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది.

ఆ మందు ఎక్కణ్ణుంచి వచ్చిందో వార్డు వరండాలో కూర్చుని రాత్రుళ్లు చదివాను. దానికి దారి వేసిన జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో 1942లో క్యోటోలో పుట్టారు. చిన్నప్పుడు టెలిస్కోపులో శనిగ్రహం వలయం చూసి నక్షత్రాల శాస్త్రం చదువుదామనుకున్నారట. తండ్రి డాక్టరు, చివరికి తనూ క్యోటోలో వైద్యమే చదివారు. అమెరికాలో కొన్నేళ్లు పని చేసి, అక్కడే ఉండిపోకుండా 1974లో వెనక్కి వచ్చేశారు. టోక్యో, ఒసాకా, మళ్లీ క్యోటో. మన ఒంట్లో యాంటీబాడీలు తమ రకం ఎలా మార్చుకుంటాయన్నది ఆయన ఏళ్ల తరబడి చేసిన పని. క్యాన్సర్ మందు కోసం బయల్దేరిన మనిషి కాదు.

1992లో ఆయన ప్రయోగశాలలో యసుమాసా ఇషిదా అనే విద్యార్థి, కణాలు తమంతట తామే చచ్చిపోయే జన్యువు కోసం వెతుకుతుంటే పిడి-1 అనే జన్యువు దొరికింది. దాని పనేమిటో అప్పటికి తెలీదు. 1999లో, పిడి-1 లేకుండా పెంచిన ఎలుకల్లో రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడుతోందని తేలాకే, ఇది ఆ శక్తిని అదుపులో పెట్టేదని అర్థమైంది. నా పిల్లలకి నేనిలా చెబుతాను: రోగాలతో పోరాడే టి-కణం అనే రక్తకణం కాపలా కుక్క, పిడి-1 దాని మెడలో గొలుసు. క్యాన్సర్ కణం ఆ గొలుసు పట్టుకుని కుక్కను ఆపేస్తుంది. గొలుసు మీద ఆ దొంగ చెయ్యి పడకుండా చేసేదే నివోలుమాబ్. 2002లో ఎలుకల్లో ఈ దారి పనిచేస్తుందని చూపించినా, మందు తయారుచెయ్యడానికి కంపెనీలు జంకాయి. ఆయన వదల్లేదు. 2014లో జపాన్‌లో అనుమతి వచ్చింది, 2018లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌తో కలిసి నోబెల్ వచ్చింది. గోల్ఫ్ మైదానంలో ఒకాయన ఎదురొచ్చి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఇక ఆట అయిపోయిందనుకున్నాననీ, ఈ మందుతో మళ్లీ ఆడుతున్నాననీ చెప్పడం హోంజో మర్చిపోలేదు. మా అమ్మకి గోల్ఫ్ ఏమిటో తెలీదు. గంజి మింగితే చాలు.

ఇక ఖరీదు మాట. జపాన్‌లోనూ మొదట 100 మి.గ్రా. సీసా దాదాపు 7 లక్షల 30 వేల యెన్‌లు. ఊపిరితిత్తుల రోగి ఒక్కరికి ఏడాదికి మూడున్నర కోట్ల యెన్‌లు అవుతుందని లెక్క తేలింది. అక్కడి ప్రభుత్వం ఖజానా ఆగదని మందు ఆపలేదు. మామూలుగా ధరలు సవరించే గడువు దాకా ఆగకుండా, 2017 ఫిబ్రవరిలో ధరను సగానికి తగ్గించింది. హోంజో కూడా తన వాటా తక్కువిచ్చారని ఆ మందు కంపెనీ మీద కోర్టుకెక్కారు, 2021లో రాజీ కుదిరి క్యోటో విశ్వవిద్యాలయంలో పరిశోధన నిధికి 2,300 కోట్ల యెన్‌లు వచ్చేలా చేశారు. నోబెల్ డబ్బు కూడా కుర్ర పరిశోధకుల నిధికే ఇచ్చారు.

జపాన్ దాకా ఎందుకండీ, ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లే దారి చూపించారు. తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద పరీక్ష చేశారు. అందరికీ తక్కువ మోతాదు మాత్రలు, అందులో సగం మందికి అదనంగా 20 మి.గ్రా. నివోలుమాబ్. మామూలు మోతాదులో అది 6 శాతం! ఏడాది తర్వాత బతికున్నవాళ్లు, మాత్రలే వాడినవాళ్లలో 16.3 శాతం, ఇది కూడా ఎక్కించుకున్నవాళ్లలో 43.4 శాతం. మన డాక్టర్లు, మన రోగులు, మనలాంటి పేదవాళ్ల కోసమే చేసిన పరీక్ష. మా డాక్టరు గారు రాసిందీ ఆ మోతాదే. నేను అడిగేదీ అదే. పెద్ద మోతాదు ఎవరడిగారు?

అయ్యా, చేతులు జోడించి అడుగుతున్నాను. కమిటీ వేస్తారో, జీవో ఇస్తారో తమ ఇష్టం. ఆ 20 మి.గ్రా. కార్డులో పెట్టించండి. ఈ మందు 40 మి.గ్రా. సీసాల్లో దొరుకుతుంది, ఇద్దరు రోగుల్ని ఒకే రోజు పిలిస్తే ఒక సీసా ఇద్దరికి సరిపోతుంది, చుక్క కూడా వృథా పోదు.

మా అమ్మ పక్క మంచం ఆవిడదీ మా జిల్లానే, అదే అంగిలి, అదే అడ్డపొగ. వచ్చే మంగళవారం ఇద్దరికీ ఒకే తేదీ ఇచ్చారు. వాళ్లిద్దరికీ కలిపి ఒక్క సీసా కావాలండీ.