ఆరో తరగతిలోనే ‘బుర్ర లేదు’ అని తేల్చేస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

తిరుపతిలో ఏ సర్కిల్ దగ్గర నిలబడినా ర్యాంకుల ఫ్లెక్సీలే, మీ జిల్లా పేజీల్లోనూ అవే ఫోటోలు. కష్టపడి చదివిన పిల్లలు, వాళ్ల ఫోటో పడితే నాకూ సంతోషమే. నేను రాస్తున్నది ఆ ఫ్లెక్సీ మీదికి మనమెప్పటికీ రాము అని పదకొండేళ్లకే అనుకుంటున్న పిల్లల గురించి. ఆరో తరగతిలో చేరిన కొద్ది రోజులకే చాలా బడుల్లో ఒక టెస్టు పెడతారు, దాన్నిబట్టి వీళ్లు స్టార్ బ్యాచ్, మిగతావాళ్లు మామూలు సెక్షన్ అని విడగొడతారు, అనుభవమున్న టీచర్లను అటువైపు వేస్తారు, ఇక ఇటువైపు మిగిలిన పిల్లలకు ‘నీ తెలివి ఇంతే’ అని ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేదు, వాళ్లకే అర్థమైపోతుంది. ఈ పద్ధతి ఆపాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేను లెక్కల టీచర్ని. మొదట నగరి వైపు పనిచేశాను, ఇప్పుడు తిరుపతిలో చెబుతున్నాను. పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు పిల్లవాణ్ణి పక్కనే నిలబెట్టుకుని, “మా అబ్బోడికి లెక్కలు ఎక్కవు మేడమ్, నాకూ రావు, వాళ్ల నాయనకూ రావు, వీడికి యాడ నుంచి వస్తాయి” అంటారు. నేనెక్కడ తిడతానో అని ఆ తల్లి ప్రేమ కొద్దీ అనే మాటే అది. కానీ వాడు వింటున్నాడు. ఇంట్లోనూ అదే మాట, బడిలోనూ అదే మాట అయితే, ఇక హోంవర్కు చేసి ఏం లాభం అని వాడు అనుకోడా?

తెలివికీ మార్కులకూ సంబంధం లేదని నేను అనను, అంటే అబద్ధమవుతుంది. ఇంగ్లండులో 70 వేల మందికి పైగా పిల్లలకు 11 ఏళ్లప్పుడు పెట్టిన తెలివితేటల పరీక్షను, వాళ్లే 16 ఏళ్లకు రాసిన పబ్లిక్ పరీక్షల ఫలితాలతో పోల్చి చూశారు. ఇయాన్ డియరీ, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన అధ్యయనం ఇది. సంబంధం చాలా గట్టిదని తేలింది. పిల్లలకూ పిల్లలకూ మధ్య లెక్కల మార్కుల్లో ఉన్న తేడాలో దాదాపు 59 శాతం, ఇంగ్లీషులో 48 శాతం ఆ పరీక్షలో కనబడిన తెలివితో ముడిపడి ఉంది, బొమ్మలు వేయడం లాంటి కళల సబ్జెక్టుకు వచ్చేసరికి అది 18 శాతమే. ఇది చూసి స్టార్ బ్యాచ్‌లు పెట్టేవాళ్లు “మేం చెప్పేదీ అదే కదా” అనొచ్చు.

అనేముందు ఆ అధ్యయనంలోనే ఉన్న ఇంకో సంగతి కూడా చదవాలి. తెలివి పరీక్షలో మొత్తం మీద ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందేమీ లేరు, అయినా పబ్లిక్ పరీక్షల్లో ఒక్క ఫిజిక్స్ తప్ప మిగతా అన్ని సబ్జెక్టుల్లో వాళ్లదే పైచేయి. మార్కులను తెలివి ఒక్కటే తేల్చేట్టయితే ఇలా జరగదు కదా. పైగా 59 శాతం అంటే లెక్కల్లో కూడా ఇంకో 41 శాతం ఉంది, అది టీచరు చెప్పే తీరు కావచ్చు, ఇంటి పరిస్థితి కావచ్చు, రోజూ కూర్చుని చేసే అలవాటు కావచ్చు. వేలమందిని కలిపి చూసినప్పుడు కనబడే లెక్కను పట్టుకుని నా ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క పిల్ల భవిష్యత్తు చెప్పడం కుదరదు. ఇంకో ముఖ్యమైన విషయం, చదువు వల్ల తెలివి కూడా పెరుగుతుంది. 6 లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది, ఒక్క ఏడాది అదనంగా చదువుకుంటే ఐక్యూ 1 నుంచి 5 పాయింట్ల దాకా పెరుగుతుందని అందులో తేలింది. మరి తెలివి తక్కువని చెప్పి మంచి చదువును దూరం చేస్తే ఆ పిల్లలకు తెలివి పెరిగే దారి కూడా మూసినట్టే.

అసలు ఈ తెలివి పరీక్షలు ఎందుకు పుట్టాయో కూడా చెప్పాలి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినె, తియోడోర్ సిమోన్ దీన్ని తయారు చేసింది, బడిలో వెనకబడి, ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పాల్సిన పిల్లలెవరో గుర్తించడానికి. పుట్టుకతో వచ్చిన తెలివి అంతే, ఇక మారదు అనేవాళ్లతో బినె గట్టిగానే విభేదించాడు. ఎవరికి ఎక్కువ సాయం కావాలో తెలుసుకోవడానికి వచ్చిన పరీక్షను ఇప్పుడు ఎవరికి సాయం తగ్గించాలో తేల్చుకోవడానికి వాడుతున్నాం, నాకు బాధ కలిగేది అక్కడే. (వేలిముద్రలు తీసుకుని మీ పిల్లల తెలివి ఏ రకమో చెబుతామని వేలకు వేలు వసూలు చేసేవాళ్లు కూడా ఉన్నారు. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు, దయచేసి తల్లిదండ్రులు ఆ డబ్బు దాచుకోండి.)

‘నీకు బుర్ర లేదు’ అన్న మాటే కాదు, ‘నువ్వు పుట్టుకతోనే షార్ప్’ అన్న మాట కూడా పిల్లలను పాడుచేస్తుంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకు ముందు తేలికైన పజిల్స్ ఇచ్చారు, బాగా చేశాక కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని కష్టపడి చేశారని మెచ్చుకున్నారు. తర్వాత కఠినమైనవి ఇచ్చి, చివర్లో మళ్లీ మొదటి లాంటి తేలికైనవే ఇస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టపడ్డారని మెచ్చుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. స్టార్ బ్యాచ్‌లో నేను కళ్లారా చూసేది ఇదే. కొత్త రకం లెక్క బోర్డు మీద వేయగానే ఎప్పుడూ ముందు చెయ్యెత్తే పిల్లలే పెన్ను మూతపెట్టి కూర్చుంటారు, తప్పు చేస్తే ఆ షార్ప్ అనే పేరు పోతుందని.

అలాగని గోడల మీద ‘నువ్వు సాధించగలవు’ అని పోస్టర్లు అంటించి, ఒక మోటివేషన్ క్లాసు పెట్టేస్తే సరిపోతుందని కూడా నేను నమ్మను. తెలివి పెరుగుతుందనే నమ్మకానికీ మార్కులకూ ఉన్న సంబంధం మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో చూస్తే, మొత్తం మీద అది బలహీనమైనదే అని తేలింది. 2019లో అమెరికాలో సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసిన పెద్ద ప్రయోగంలో, తెలివి పెరుగుతుందని చెప్పే, గంట కూడా పట్టని పాఠంతో వెనకబడిన పిల్లల గ్రేడ్లు కొంచెం పెరిగాయి, నాలుగు పాయింట్ల స్కేలు మీద 0.1 పాయింటు. తోటి పిల్లలు కూడా కష్టమైనవి ప్రయత్నించే బడుల్లోనే అది ఎక్కువగా పనిచేసింది. అంటే పిల్లవాడి నమ్మకాన్ని మార్చి, చుట్టూ ఉన్న బడిని మాత్రం అలాగే ఉంచితే పెద్దగా జరిగేదేమీ ఉండదు. సెక్షన్లు విడగొట్టి, మోటివేషన్ క్లాసు పెట్టే బడులు ఈ మాట ఆలోచించాలి.

మామూలు సెక్షన్‌లో ఉన్న ఒక ఏడో తరగతి అమ్మాయి సంగతి చెబుతాను. నోట్సు నిండా భిన్నాల కూడికలే, అన్నిటికీ ఎర్ర ఇంకుతో కొట్టివేతలే. సగానికి మూడో వంతు కలిపితే 2/5 అని వేసింది. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేసింది, ప్రతి లెక్కలోనూ అదే తప్పు, ఒక్కటి కూడా తేడా లేకుండా. తెలివి లేక చేసే తప్పు అలా ఒకే పద్ధతిలో ఉండదు. పక్కన కూర్చోబెట్టుకుని, సగం రొట్టె గీసి రంగు వేయమన్నాను, పక్కనే 2/5 రొట్టె గీయమన్నాను. కాసేపు రెండింటినీ చూసి, “మేడమ్, ఇది సగం కంటే తక్కువ ఉంది, సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గేదేంది?” అని అడిగింది. ఇంత మంచి ప్రశ్న స్టార్ బ్యాచ్‌లో కూడా నన్నెవరూ అడగలేదు. తర్వాత క.సా.గు. దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాం. క్లాస్ ఫస్ట్ రాలేదు, కానీ భిన్నాలు వచ్చాయి, బీజగణితం అంటే భయపడటం లేదు.

ఈ పిల్లలు ఎక్కడ వెనకబడతారో మన జిల్లాల్లో పనిచేసే టీచర్లందరికీ తెలుసు. నగరి వైపు చాలా ఇళ్లలో మాట్లాడేది తమిళం, బడిలో వినేది తెలుగు, పుస్తకంలో ఉన్నది ఇంగ్లీషు, దానికితోడు మరమగ్గాల చప్పుడు మధ్య కూర్చుని హోంవర్కు. చిత్తూరు పల్లెల్లో జూన్, జూలై తోతాపురి మామిడి కోతల కాలం, పెద్దవాళ్లతో పాటు తోటలకు పోయి బడి తెరిచిన మొదటి వారాలు పోగొట్టుకునే పిల్లలుంటారు. సెక్షన్లు విడగొట్టే టెస్టు పెట్టేది కూడా సరిగ్గా అప్పుడే! ఆ కాగితం మీద వచ్చిన మార్కులు తెలివిని కొలిచాయో, రాని రోజులను కొలిచాయో ఎవరు చెప్పగలరు?

టెస్టు పెట్టవద్దని నేను అనను. పెట్టండి, ఏ పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసుకోండి, ఆ కాగితం ప్రకారం కొన్ని వారాలు చెప్పండి, అనుభవమున్న టీచరుకు ముందు ఆ పిల్లలనే అప్పగించండి. సెక్షన్లు కలిపే ఉంచండి. తల్లిదండ్రులు ఏమైనా చెప్పదలిస్తే పిల్లలు పక్కన లేనప్పుడు మాతో చెప్పండి. విద్యాశాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆరో తరగతి సెక్షన్లు ఎలా విడగొట్టారని ఒక్క మాట అడిగితే చాలు, సగం బడులు సర్దుకుంటాయి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఈసారి ఫలితాలొచ్చినప్పుడు టాపర్లను రోజుకు ఎన్ని గంటలు చదివావని అడగడంతో ఆగకుండా, నీకు అస్సలు అర్థం కాని పాఠం ఏది, అది ఎవరు చెబితే, ఎలా చెబితే అర్థమైందని కూడా అడిగి, ఆ జవాబును ఫోటో పక్కన వేయండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
తిరుపతి