ముందు స్టూలు వెయ్యండి, స్ఫూర్తి సంగతి తర్వాత

సంపాదకులకు నమస్కారం.

సిబ్బందిలో ఉత్సాహం నింపడం ఎలాగో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పుట్టినరోజుకి కేకు కోయించడం, గోడ మీద 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఫొటో పెట్టడం, అప్పుడప్పుడూ వక్తను పిలిపించడం... కాదనను. అయితే అవన్నీ కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకి. నేను గుంటూరులో బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేరి, ఫ్లోర్ మేనేజర్‌గా రిటైరైనవాణ్ణి. మా దగ్గర కుర్చీ కస్టమర్‌కి మాత్రమే ఉంటుంది.

పొద్దున పదింటికి కౌంటర్ వెనక నిలబడిన అమ్మాయి అన్నం తినేటప్పుడు తప్ప కూర్చోదు. శ్రావణ మాసంలో రాత్రి షట్టర్ దించేదాకా అంతే. కస్టమర్లు లేకపోయినా కూర్చోకూడదు, కెమెరాలో ఓనరు చూస్తే చీవాట్లు. ముప్పై ఏళ్లకే పిక్కల్లో నరాలు ఉబ్బిపోయినవాళ్లు నా ఫ్లోర్‌లోనే ఉండేవాళ్లు. నేను పనిచేసిన ఒక షోరూమ్‌లో యజమాని హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించాడు. ఆయన షాపు తెరవకముందే మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, రోజంతా హుషారుగా ఉండటం ఎలాగో గంటన్నర చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ రాత్రి దాకా నిలబడే ఉన్నాం. ఆయనకిచ్చిన ఫీజుతో ఫ్లోర్‌కంతా స్టూళ్లు వచ్చేవి.

కేరళలో కోజికోడ్ బట్టల షాపుల ఆడపిల్లలు దీని మీదే పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించి, షాపుల్లో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లు వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చీరల కౌంటర్‌కి ఆ మాట వర్తిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. మా వ్యాపారంలో జీతం తక్కువ, ఆశంతా ఇన్సెంటివ్ మీదే. చీరకింత అని మనిషి పేరు మీద రాస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. జరిగేది వేరు. పెళ్లివాళ్లు పొద్దున వచ్చి యాభై అరవై చీరలు విప్పించుకుని, "భోంచేసి వస్తాం" అని వెళ్తారు. సాయంత్రం వచ్చేసరికి ఆ కౌంటర్‌లో ఇంకొకరుంటారు. చూపించింది ఒకరు, బిల్లు ఇంకొకరి పేరు మీద. ఆ అరవై చీరలూ మడతపెట్టిన హెల్పర్ కుర్రాడికి ఏమీ లేదు. పట్టు కౌంటర్‌లో ఒక్క బేరం తగిలితే వచ్చేది, కాటన్ కౌంటర్‌లో రోజంతా గొంతు పోయేలా అరిచినా రాదు. పైగా అమ్ముడుపోని పాత స్టాకు మీద ఇన్సెంటివ్ ఎక్కువ పెడతారు. దాంతో అమ్మాయికి నప్పే చీర పక్కనబెట్టి, మూల పడున్న రంగే కస్టమర్ ముందు పరుస్తారు. ఆ కస్టమర్ మళ్లీ ఆ షాపు మెట్లెక్కదు.

చివరిగా పనిచేసిన చోట, ఓనరు గారిని ఒప్పించి ఇన్సెంటివ్‌ని కౌంటర్ మొత్తానికి కలిపి లెక్కగట్టాం. హెల్పర్లకీ వాటా పెట్టాం. పని ఎగ్గొట్టేవాళ్లకి ఇది పండగే కదా అని ఆయన అనుమానం. అలాంటివాళ్లు ఇద్దరున్నారు కూడా. వాళ్ల సంగతి తోటివాళ్లే చూసుకున్నారు, నాదాకా రాలేదు. అంతకుముందు కస్టమర్ కోసం ఒకరినొకరు తోసుకునేవాళ్లే, "అన్నా, వీళ్లకి కంచి పట్టు కావాలంట, నీకైతే బాగా తెలుసు, నువ్వు రా" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. మడతలు అందరూ పెట్టేవాళ్లు. అమ్మకాలు పెరిగాయా అంటే ఆ సీజన్ బాగుంది, అదంతా దీనివల్లేనని చెప్పను. కాని దసరా ముందు మానేసి పక్క షాపుకి పోవడం మాత్రం తగ్గింది.

టార్గెట్ల మాట ఒక్కటి. మూఢంలో కూడా పట్టుచీరల టార్గెట్ తగ్గించని మేనేజ్‌మెంట్‌కి ముందుగా ఒక పంచాంగం కొనిపెట్టాలి.

బోనస్ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట అర్హులైనవాళ్లకి ఏటా జీతం మీద కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలని చట్టం. అది యజమాని ఇచ్చే బహుమతి కాదు. చాలా షాపుల్లో దీపావళికి స్వీటు డబ్బా, ఒక జత బట్టలు చేతిలో పెట్టి, ఫొటో తీసి, అదే బోనస్ అనిపిస్తారు. అడిగినవాడికి మర్నాటి నుంచి గోడౌన్ డ్యూటీ.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్మిక శాఖలు పండగ సీజన్‌లో ఒక్కసారి పెద్ద షోరూములకి వెళ్లి, కౌంటర్ వెనక స్టూలు ఉందా, బోనస్ రిజిస్టర్‌లో ఎవరి సంతకాలున్నాయి అని చూస్తే చాలు. మీ విలేకరులు కూడా ఈసారి ఇలాంటి వ్యాసం రాసేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లతో పాటు, రాత్రి పదిన్నరకి షాపు మూసి ఆటో కోసం నిలబడ్డ సేల్స్ గర్ల్స్‌ని కూడా అడగండి. ఆదివారాలు వద్దు, ఆరోజు వాళ్లకి గిరాకీ ఎక్కువ.

– ఒక మాజీ ఫ్లోర్ మేనేజర్, గుంటూరు