లోడు బండికి ఎత్తు ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

కొండదారి జీపులకు పెద్ద టైర్లు, బాడీని పైకి లేపే లిఫ్ట్ కిట్లు వేయించుకోవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ వాటిలో ఒక్క బండి మీదా బస్తా కనిపించలేదు.

మాది రాయగడ. నారాయణపట్నా, లక్ష్మీపూర్ వైపు సంతల్లో చింతపండు, పసుపు కొని బొలెరోలో తెచ్చుకుంటాం. ఆ కథనం వచ్చిన దగ్గర్నుంచి మా మేనల్లుడు ఒకటే గోల, మన బండి కూడా లేపిద్దాం మావయ్యా అని.

కమాన్ కట్టలకూ (బాడీ బరువు మోసే ఉక్కు పట్టీలకూ) ఇరుసుకూ మధ్య దిమ్మలు పెడితే లేచేది బాడీ. మా దారుల్లో రాయి తగిలేది వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బాకి, అంటే డిఫరెన్షియల్‌కి. అది లేవాలంటే టైరే పెరగాలి. 215/75 ఆర్15 సైజు టైరు తీసేసి 235/75 ఆర్15 వేస్తే టైరు మొత్తం ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నేలకూ డిఫరెన్షియల్‌కూ మధ్య పెరిగేది అందులో సగమే, 15 మిల్లీమీటర్లు. ఈ కాస్త దానికి మైలేజీ పోతుంది, క్లచ్ మీదా బ్రేకుల మీదా భారం పడుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదమూ ఉంది. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. ఇక బాడీ కూడా లేపి, పైదాకా బస్తాలు వేసి ఘాటీ మలుపు తిప్పడమంటే నాకైతే ధైర్యం చాలదు.

కథనంలో చట్టం ఊసే లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు వాళ్ల పేచీ వేరే.

నా లెక్కలో ముందు కమాన్ కీళ్లలో అరిగిన రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్చాలి. తర్వాత అదే సైజులో లోతైన గాడులున్న టైర్లు వేయాలి. ఎర్రమట్టి బురదలో పట్టు దొరికేది ఆ గాడుల వల్లే. రోజూ లోడు మోసే బండైతే వెనక ఒక కమాన్ పట్టీ ఎక్కువ వేయించే మాట ఆర్టీవో ఆఫీసులో అడిగి చూసుకోవచ్చు. ఖాళీగా వెళ్తే మాత్రం ఎగిరెగిరి పడుతుంది, వెనక సీట్లో పెద్దవాళ్లుంటే డ్రైవర్‌కి తిట్లు తప్పవు.

వానలు మొదలయ్యేలోపు లోడు బండ్ల గురించి కూడా ఒక కథనం వేయండి. ఏ టైరు వేయాలో, బురదలో గాలి ఎంత తగ్గించాలో, తారురోడ్డు ఎక్కాక ఎంత పట్టాలో మెకానిక్‌లను అడిగి, ధరలతో సహా రాయండి.

— ఓ చింతపండు వ్యాపారి, రాయగడ, ఒడిశా